బంగారు గడప: శ్రీమతి సరోజినీ నాయుడుగారి జీవితకథ

అబిడ్సు కూడలినుండి నాంపల్లి రైలుస్టేషనునకు బోవు బాటలో, అంగళ్ల వరుసలకును బండ్ల రొదకును నడుమ, ఒక పాత యిల్లు గలదు. దాని పేరు గోల్డెన్ త్రెషోల్డు. మన భాషలో జెప్పుకొన్నచో బంగారు గడప. ఈ చుట్టుపట్ల పాఠశాలలకు బోవు బాలబాలికలు ప్రతిదినము ఆ ప్రహరిగోడ ప్రక్కగనే నడచిపోవుచుందురు. వారిలో పెక్కుమందికి ఆ యింటి కథ తెలియదు. ఆ కథనే యీ యేడు మా చదువరులకు జెప్పదలచితిమి.

ఇందులకు వేఱొక కారణమును గలదు. ఇప్పటి విద్యార్థులలో గొందఱు పెద్దయైన పిమ్మట ఏమి కావలెనని యడిగినచో, చలనచిత్రములు దీయుదుమనియు, కెమెరా పట్టుదుమనియు, నటింతుమనియు, తెరకు గథలు వ్రాయుదుమనియు జెప్పుచున్నారు. తలిదండ్రులు కలతపడుచున్నారు. ఆ కలత అకారణమని మేము చెప్పజాలము. ఆ విద్య యధికవ్యయముతో గూడినది. ఆ వ్యయము ఫలించునో ఫలింపదో ముందుగా జెప్పగలవా డెవ్వడును లేడు. వైద్యము జదువ గోరు పేదబాలునకు సాయము చేయుటకు దాతలు వెంటనే ముందుకు వత్తురు. కళ నభ్యసింప గోరు బాలునకు దాత యెవరు? కళకొఱకు వెచ్చించిన ధర్మధనము సద్వ్యయమా, దుర్వ్యయమా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు నూటముప్పది యేండ్ల క్రిందట ఈ నగరముననే ఒక యింట ఇట్టి ప్రశ్నయే పుట్టెను. ఆ యింటి పెద్దకూతురే సరోజినీదేవి. ఆ ప్రశ్నకు జవాబు ఒక్కదినమున దొరకలేదు. అది తేలుటకు ఒక జీవితకాలమును, ఆపై మఱికొన్ని యేండ్లును బట్టెను.

సరోజినీదేవి 1879వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు వంగదేశీయులు; తల్లి వరదసుందరీదేవి. తండ్రిగారు స్కాట్లండునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించి, డాక్టరు పట్టమును బడసి, నిజాము రాజ్యమునకు వచ్చి, ఇచ్చట నూతనవిద్యకు బునాదులు వేసిన కొలదిమందిలో నొకరైరి. వారు నడపిన హైదరాబాదు కళాశాలయే తరువాత నిజాము కళాశాలగా బరిణమించెను. వారు బ్రహ్మసమాజమునకు జెందినవారు. బాలికలకు జదువెందులకని లోకులు వాదించుచున్న ఆ కాలమున దంపతు లిరువురును బాలికావిద్యకై పాటుపడిరి. వారి యింటికి హిందువులు, ముసల్మానులు, పండితులు, కవులు, శాస్త్రజ్ఞులు, నిరుపేదలు అను భేదము లేక యెల్లరును వచ్చుచుండెడివారు. తల్లి వంగభాషలో గేయము లల్లెడిది. ఎనమండుగురు సంతానములో సరోజిని పెద్దది.

తన కూతురు గణితశాస్త్రమునందో, విజ్ఞానశాస్త్రమునందో గొప్ప పండితురాలు గావలెనని తండ్రి కోరిక. బాలికకు మొదట ఆంగ్లభాష పలుకుటకే యిష్టము లేకుండెను. తొమ్మిదేండ్ల ప్రాయమున ఆమె మొండితనము జూచి తండ్రి యామెను ఒక దినమంతయు గదిలో నొంటరిగా నుంచెనట. ఆ గదినుండి వెలువడిన బాలిక అది మొదలు తండ్రితో ఆంగ్లముననే మాటలాడుచు వచ్చెను. పదునొకండవ యేట ఒకనాడు బీజగణితపు లెక్క యొకటి యెంతకును తెగక విసుగెత్తి కూర్చుండగా, లెక్కకు మాఱుగా ఒక పద్యము సంపూర్ణముగా మనస్సునకు దోచెను. నాడు మొదలు ఆమె కవయిత్రి. లెక్కల పుస్తకమున బద్యములు వ్రాయు బాలబాలికలు నేటికిని మన తరగతులలో గలరు. వారిని జూచినపుడు ఉపాధ్యాయులు ఈ సంగతిని ఒక్కసారి స్మరింతురుగాక.

అట్లని ఆమె చదువును అలక్ష్యము చేసినది కాదు. పండ్రెండవ యేటనే మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షయందు ఆ రాజధాని కంతకును బ్రథమురాలుగా నుత్తీర్ణురాలయ్యెను. ఆ వార్త దేశమున నలుగడల బ్రాకెను. పదుమూడవ యేట అస్వస్థతగా నుండగా, పుస్తకము ముట్టరాదని వైద్యుడు శాసింపగా, ఆ బాలిక పట్టుదలతో ఆఱు దినములలో సుమారు పదుమూడువందల పంక్తుల కావ్యమును ఆంగ్లమున వ్రాసివైచెను. పిమ్మట రెండువేల పంక్తుల నాటకమును వ్రాసెను. ఇవి యుత్తమకావ్యము లని మేము చెప్పుటలేదు. ఆమెయు దరువాత అట్లు తలపలేదు. కాని అంత చిన్నతనమున అంతటి పని చేయగల పట్టుదలకు శిక్షణ దొరకినచో నేమగునో యని పెద్దలు తలపోయుటకు అవి చాలును.

ఆ దినములలోనే ఆమె పారసీక కథ నాధారము చేసికొని ఒక చిన్న నాటకమును వ్రాసెను. గణితమునందు గూతురు పేరు గాంచవలెనని కోరిన ఆ తండ్రియే ఆ నాటకమును అచ్చొత్తించి మిత్రులకు బంచి, ఒక ప్రతిని నిజాము ప్రభువునకు బంపెను. ఆ ప్రభువు ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను. మనము నిత్యము పేర్కొను అబిడ్సు అను పేరు ఆ ప్రభువు కొలువున సేవకుడై యుండిన ఆల్బర్టు అబిడు అను ఆర్మీనియా దేశీయుని యంగడినుండియే వచ్చినది. నాటకమును జూచి ప్రభువు మెచ్చి, ఆ బాలిక సీమకు బోయి చదువుకొనుటకు సంవత్సరమునకు మూడువందల పౌనులు విద్యార్థివేతనముగా దయచేసెను. ఓడ ప్రయాణపు ఖర్చును దానికి దోడయ్యెను. ఆ కాలమున నది చిన్న మొత్తము కాదు.

ఈ దానమునకు వెనుక వేఱొక సంగతియు గలదు. సరోజిని అప్పటికే ముత్యాల గోవిందరాజులు నాయుడు అను తెలుగు యువకుని వలచియుండెను. ఆయన ఎడింబరోలో వైద్యశాస్త్రము జదివినవాడు. బాలిక వయస్సు తక్కువ, కులములు వేఱు. కొంతకాలము దూరముగా నుండుట మేలని తలిదండ్రులు దలచిరి. ఒక బాలికను జదువునకు బంపుటలో ఎన్ని యుద్దేశములు కలగలిసియుండునో చూడుడు: తండ్రి యాశ, ప్రభువు ప్రీతి, కుటుంబపు వెఱపు. విత్తనము వేయువారి తలపు లెట్టివైనను మొలక తనకు దెలిసిన తీరుననే పెరుగును.

1895లో, పదునాఱేండ్ల ప్రాయమున, సరోజిని ఇంగ్లండు చేరెను. మొదట లండనునందలి కింగ్సు కాలేజీలోను, పిమ్మట కేంబ్రిడ్జినందలి గిర్టను కాలేజీలోను జేరి చదివెను. కాని నియమితమైన పాఠములు ఆమె మనస్సున కెక్కలేదు. శరీరారోగ్యమును సరిగా లేకుండెను. అయినను పాఠశాల గోడలకు వెలుపల ఆమెకు గొప్ప గురువు దొరకెను. ఎడ్మండు గాస్ అను విమర్శకుడు ఆమె పద్యములను జదివి, అవి నేర్పుగా నున్నవి గాని ఆంగ్లకవుల కనుకరణములే యనియు, ఇంగ్లండు పక్షులను, ఇంగ్లండు కొండలను వర్ణించుట మాని, తాను బుట్టిపెరిగిన దక్కను నేలను, ఆ నేల జనులను, ఆ పండుగలను బాడవలెననియు హితవు చెప్పెను. ఆమె ఆ మాటను శిరసావహించెను. ఆ యొక్క హితవాక్యము ఆమె కవిత్వపు త్రోవనే మార్చివైచెను.

1898లో, నడుమ ఇటలీ దేశమును జూచి, ఆమె హైదరాబాదునకు మరలి వచ్చెను. చేత పట్టము లేదు. మూడేండ్ల విద్యార్థివేతనము వెచ్చమైపోయినది. చూపుటకు ఒక కాగితమైనను లేదు.

చదువరులు ఇచ్చట ఒకింత నిలువవలెనని మా ప్రార్థన. ఆనాడు ఖజానా గుమాస్తా యొకడు లెక్క వ్రాసియున్నచో ఏమి వ్రాసియుండును? ఇంత ధనము వెచ్చమైనది, ఫలము శూన్యము అనియే వ్రాసియుండును. ఆ లెక్క ఆనాటికి దప్పు కాదు. కాని లెక్కపుస్తకమును ఆనాడే మూసివేసియుండినచో అంతకంటె పెద్దతప్పు వేఱొకటి యుండదు. కళాశిక్షణకై యిచ్చు ధనమునందలి చిక్కు ఇదియే. వైద్యవిద్యార్థి ఇన్నియేండ్లకు వైద్యుడగునని చెప్పవచ్చును. కవి, నటుడు, చిత్రదర్శకుడు ఎన్నియేండ్లకు సిద్ధుడగునో చెప్పరాదు. అట్లగుటచే దాతకు ఔదార్యముతో బాటు ఓపికయు గావలెను.

ఆ యేడే డిసెంబరు 2వ తేదీన మద్రాసునగరమున సరోజినీదేవికిని గోవిందరాజులునాయుడుగారికిని వివాహము జరిగెను. ఆ వివాహమును జరిపించిన వారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వంగకన్యకును తెలుగువరునకును, కులభేదమును బాటింపక, శాసనసమ్మతముగా జరిగిన ఆ పెండ్లి ఆ కాలమున గొప్ప సాహసము. గోవిందరాజులుగారు నిజాము ప్రభుత్వమున వైద్యాధికారులై యుండిరి. వారికి జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి యను నలుగురు బిడ్డలు గలిగిరి.

1905లో ఆమె మొదటి కవితాసంపుటము లండనులో వెలువడెను. దాని పేరే ది గోల్డెన్ త్రెషోల్డు. ఆర్థర్ సైమన్సు అను ఆంగ్లకవి దానికి బీఠిక వ్రాసెను. పల్లకి మోయు బోయీలు, సాలెవారు, గాజులమ్మువారు, పాములవారు, అంగడివీథులు – హైదరాబాదు బాటలపై ఆమె కన్నులార జూచిన లోకమే అందును, తరువాతి పద్యములందును నెక్కినది. నాంపల్లి బాటలోని యింటికి ఆ పుస్తకము పేరే నిలిచిపోయెను. 1912లోను, 1917లోను మఱి రెండు సంపుటములు వెలువడినవి. జనులామెను భారతకోకిల యని పిలువసాగిరి. పట్టము లేక తిరిగివచ్చిన బాలిక తన నేలకు బేరు దెచ్చెను.

పుచ్చుకొన్న దానిని ఆమె తన నగరమునకు మఱియొక విధమునను దీర్చెను. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివైచెను. వేలకొలది జనులు మరణించిరి; ఇండ్లు కూలిపోయినవి. ఆ విపత్తులో సరోజినీదేవి బాధితులకు జేసిన సేవకు ఆంగ్లప్రభుత్వము కైసరిహిందు పతకము నొసగెను. 1919లో జలియనువాలా బాగునందు ఘోరహత్యలు జరిగిన పిమ్మట ఆమె ఆ పతకమును దిరిగి యిచ్చివైచెను.

ఆమె ప్రజాజీవితమును మేము సంగ్రహముగనే చెప్పుదుము. పాఠ్యపుస్తకములందు అది విపులముగా గలదు. 1914లో లండనునందు గాంధీమహాత్ముని మొదటిసారి కలిసికొనెను. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించెను. భారతస్త్రీలలో ఆ పీఠ మెక్కిన మొదటివారు ఆమెయే. 1930లో ఉప్పు సత్యాగ్రహమున ధరాసనావద్ద సత్యాగ్రహులకు నాయకత్వము వహించి చెఱసాలకు బోయెను. 1942లో మరల గారాగారము. 1947 ఆగస్టు 15వ తేదీన సంయుక్తరాష్ట్రములకు, అనగా తరువాతి ఉత్తరప్రదేశమునకు, గవర్నరు పదవిని స్వీకరించెను. 1949 మార్చి 2వ తేదీన లక్నో నగరమున, ఆ పదవియందుండగనే, పరమపదించెను.

ఈ సేవలన్నిటికిని ఆమెకు సాధనములు రెండు: వాక్కు, సభను గట్టివేయగల నిలువుదనము. ఇవి నటులకును గావలసిన సాధనములే. ఆమె రంగస్థల మెక్కలేదు గాని, మాటను ఎచట నాపవలెనో, ఎచట గొంతు పెంచవలెనో, వేలాది జనులను ఎట్లు నవ్వింపవలెనో, ఎట్లు కన్నీరు పెట్టింపవలెనో ఎఱిగియుండెను. కళాశిక్షణము కళకే పరిమితము గాక ఎట్టి పనికైనను బలము చేకూర్చునని దీనివలన దెలియుచున్నది.

ఇక వెండితెర విషయమునకు వత్తము. ఆమె యింటివారే కొందఱు ఆ త్రోవను ద్రొక్కిరి. 1898లో హైదరాబాదున బుట్టిన చిన్నతమ్ముడు హరీంద్రనాథ చట్టోపాధ్యాయుడు కవి, గాయకుడు, నాటకకర్త. 1952లో మన విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను. వార్ధక్యమున సినిమాలలో నటించి పేరు గాంచెను. 1962లో వచ్చిన సాహిబ్ బీబీ ఔర్ గులామ్ అను హిందీ చిత్రమునందును, 1972లో వచ్చిన బావర్చీ యందును, సత్యజిత్ రాయ్ 1974లో దీసిన సోనార్ కెల్లా యను వంగచిత్రమునందును ఆయన నటన నేటికిని చూడవచ్చును. హరీంద్రుని భార్య కమలాదేవి, కులస్త్రీలు సినిమాలలో నటించుట నింద్యమనుకొను కాలమున, శూద్రకుని మృచ్ఛకటికము నాధారము చేసికొని తీసిన మూకీచిత్రమున నటించెను. తరువాత ఆమె దేశమున నాటకవిద్యకును హస్తకళలకును స్థిరమైన సంస్థలు వెలయుటకు ఎంతయో పాటుపడెను.

ఆనాడు సినిమా నేర్చుకొనుటకు మనదేశమున బాఠశాలలు లేవు. నేర్వదలచినవాడు సొంత ధనము వెచ్చింపవలెను. లేదా ఎవరి యొద్దనైన బరువులు మోయుచు, చూచి నేర్వవలెను. ఈ సందర్భమున మనవాడే యగు రఘుపతి వెంకయ్యనాయుడుగారిని దలపక తప్పదు. మచిలీపట్టణమున బుట్టి, మద్రాసున ఛాయాచిత్రములు దీయుచు, ఆ వృత్తివలన గడించిన ధనముతో బొమ్మలు చూపు యంత్రమును దెప్పించి ఊరూర బ్రదర్శించి, మద్రాసున గెయిటీ యను సినిమాశాలను గట్టించెను. తన కుమారుడు ప్రకాశును సినిమా నిర్మాణము నేర్చుకొనుటకు సొంత ఖర్చుతో విదేశములకు బంపెను. ఆ కుమారుడు తిరిగివచ్చి 1921లో భీష్మప్రతిజ్ఞ యను మూకీచిత్రమును దీసెను. తెలుగువారి సినిమాకు అదియే తొలి మెట్టని చెప్పుదురు. కాని ఆ త్రోవలో వెంకయ్యగారి యాస్తి కరగిపోయెను. 1941లో వారు పరమపదించిరి. తరువాత ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సినిమారంగమునకు విశేషసేవ చేసినవారికి వారి పేర బురస్కారము నిచ్చుచు వచ్చెను.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఒక బాలికకు ప్రభువు దయ గలిగెను. ఒక బాలునకు తండ్రి యాస్తి యుండెను. ఆ దయయు, ఆ యాస్తియు లేని బిడ్డల గతి యేమి? 1895లో హైదరాబాదు నగరమున సరోజినివంటి ప్రతిభ గల బాలికలు వేఱెవరును లేరని యెవరు చెప్పగలరు? వారికి నాటకమును అచ్చొత్తించి ప్రభువునకు బంపగల తండ్రులు లేకుండిరి. సరోజిని కథలోని వెలుగును జెప్పుచు ఈ చీకటిని జెప్పకుండుట న్యాయము కాదని మేము తలచితిమి.

సినిమావిద్యకు ఈ చిక్కు మఱింత హెచ్చు. కవికి కాగితమును కలమును జాలును. చిత్రము దీయు వానికి కెమెరా, దీపములు, ధ్వనిని బట్టు యంత్రములు, కూర్పు చేయు యంత్రములు గావలెను. పదుగురు కలిసి పనిచేయవలెను. ఫిలిము చుట్టలపై దీయు కాలమున ఎన్నో అడుగుల ఫిలిము పాడు చేయనిదే చేయి కుదిరెడిది కాదు. ఇప్పుడు ఫిలిము అక్కఱ తగ్గినను, తప్పు చేసి దిద్దుకొనుటకు గావలసిన కాలమునకు ఖర్చు తగ్గలేదు. ఆ కాలమున విద్యార్థి తినవలెను, ఉండవలెను, ఇంటికి సంపాదన పంపకుండ మనవలెను. కావున ఈ విద్యకిచ్చు వేతనము రుసుమునకు మాత్రమే చాలినచో చాలదు. నిజాము ప్రభువు చేసిన దానమునందలి మంచి ఇదియే: ఓడఖర్చు, బస, భోజనము, తప్పిపోవుటకు వలసిన మూడేండ్ల గడువు – అన్నియు నందులో నుండెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ భారమును గొంతవఱకు ప్రజల సొమ్ముతో మోయు నేర్పాటులు జరిగినవి. 1959లో ఢిల్లీనగరమున జాతీయ నాటకవిద్యాలయము వెలసెను. 1960లో పూనానగరమున, ప్రభాత్ స్టూడియో యుండిన ప్రాంగణముననే, కేంద్రప్రభుత్వము సినిమావిద్యాలయమును స్థాపించెను. దయకును, ఆస్తికిని మాఱుగా ప్రవేశపరీక్ష ఆ తలుపులకు దాళపుచెవి యయ్యెను. అందఱకును ఆ తాళపుచెవి సమానముగా జిక్కినదని చెప్పలేము. కాని తలుపు ఉన్నదని యైనను లోకమునకు దెలిసెను.

ఇప్పుడు మరల నాంపల్లి బాటకు వత్తము. సరోజినీదేవి కుమార్తె పద్మజానాయుడుగారు 1956 మొదలు 1967 వఱకు పశ్చిమవంగ రాష్ట్రమునకు గవర్నరుగా నుండిరి. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము పుట్టినపుడు దానికి సొంత కట్టడములు లేవు. ఆ విశ్వవిద్యాలయము మొదట పాఠములు ప్రారంభించినది ఈ బంగారు గడపలోనే. ఆ కుటుంబము తమ యింటిని విద్యకు సమర్పించెను. నగరము నడిబొడ్డున, అబిడ్సు అంగళ్ల నడుమ, ఆ స్థలము వెల యెంతయో వర్తకులకు దెలియును. దానిని అమ్ముకొనక బిడ్డల చదువున కిచ్చుట యెట్టి త్యాగమో తలిదండ్రులకు మేము చెప్పనక్కఱలేదు.

విశ్వవిద్యాలయము గచ్చిబౌలి ప్రాంగణమునకు దరలిపోయెను. కాని నాట్యము, నాటకము మొదలగు కళలు నేర్పుటకు సరోజినీనాయుడు పేర ఏర్పడిన కళావిద్యాశాఖ తొలినాళ్లలో ఈ యింటనే నడచెను. నేడు గచ్చిబౌలియందు ఆ శాఖలోనే నాటకముతోడను, నాట్యముతోడను, చిత్రలేఖనముతోడను, ప్రసారమాధ్యమముల విద్యయు గలదు; విద్యార్థులు కెమెరా పట్టుటను, దృశ్యములను గూర్చుటను అచట నభ్యసింతురు. 2012లో ఈ పాత యింట విశ్వవిద్యాలయమువారు నాటకమును జనులలోనికి గొనిపోవు కేంద్రమును నెలకొల్పిరి. ఒక బాలిక వ్రాసిన చిన్న నాటకమునకు దొరకిన వేతనము, నూఱేండ్లు గడచిన పిమ్మట, ఆ బాలిక యింటనే నాటకము నేర్చుకొను యువజనులకు నీడయై తిరిగి వచ్చెను.

ఇప్పుడు ఆ లెక్కపుస్తకమును మరల దెఱవవచ్చును. మూడువందల పౌనుల ఋణమును సరోజినీదేవి ఇచ్చిన ప్రభువునకు దీర్చలేదు. ఆయన 1911లోనే గతించెను. ఆ వంశపు రాజ్యము 1948లో ముగిసెను. ఆమె దానిని తన నేలకు దీర్చెను. ఆమె కుటుంబము దానిని తాము ఎఱుగని బిడ్డలకు దీర్చెను. ప్రభువు ఇచ్చినది ఆయనకు నచ్చిన ఒక్క బాలికకు. ఆ బాలిక యింటివారు ఇచ్చినది ఎవరికి నచ్చినను నచ్చకున్నను ఆ గడప త్రొక్కగల యెల్లరకును. మొదటి దానముకంటె రెండవ దానము గొప్పది. అయినను మొదటిది లేనిచో రెండవది లేదు.

తలిదండ్రులారా! మీ బిడ్డ సినిమా నేర్తుననినపుడు వెంటనే కాదనకుడు. వెంటనే ఆస్తియు నమ్మకుడు. అఘోరనాథులవారు చేసినట్లు మొదట బిడ్డ వ్రాసినదానిని, చేసినదానిని శ్రద్ధగా జదువుడు, చూడుడు. పనియందు బట్టుదల యున్నదో లేదో యరయుడు. ఆపై దానిని తెలిసినవారికి జూపుడు. ప్రభుత్వ విద్యాలయములు, విశ్వవిద్యాలయములు, విద్యార్థివేతనములు ఏవేవి గలవో విచారింపుడు. కొద్దికాలములో దారక జేయుదుమని చెప్పి పెద్దమొత్తములు గుంజు వారి యంగళ్లకు దూరముగా నుండుడు.

బాలబాలికలారా! సరోజినీదేవికి వేతనము దెచ్చినది ఆశ కాదు. ఆమె అప్పటికే వ్రాసి ముగించియుండిన నాటకము. ఆఱు దినములలో పదుమూడువందల పంక్తులు వ్రాసిన ఆ బాలిక పట్టుదలను మీరు చూడుడు. గాస్‌పండితుని వంటివాడు మీ పని యనుకరణమేయని చెప్పినపుడు నొచ్చుకొనక, మీ వీథిని, మీ యింటిని, మీ భాషను దిరిగి చూడుడు. అబిడ్సు అంగళ్లలోను, నాంపల్లి స్టేషనులోను తెరకెక్కవలసిన కథలు కొల్లలుగా గలవు. మీకు ఎవరైన సాయము చేసినచో, అది మీ సొత్తని తలపకుడు. మీ చేతిమీదుగా మఱియొకరికి జేరవలసినదని తలపుడు.

ధర్మదాతలకు మా మనవి యొకటియే. పేద విద్యార్థికి మీరిచ్చు కొలదిపాటి ధనము ఒక యేటికి బరీక్షాఫలమును జూపకపోవచ్చును. సరోజినీదేవి చరిత్రమును దలచి, లెక్కపుస్తకమును తొందరపడి మూయకుడు.

రేపు ఉదయము పాఠశాలకు వచ్చునపుడు మన విద్యార్థులు ఆ ప్రహరిగోడకడ ఒక్కనిమేషము నిలిచి, లోపలి యింటిని జూచిరేని, ఈ వ్యాసము వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.